ఎడమ వైపు కుర్చీ

ఆ బడిలో చదువుకున్నవాళ్ళని ఎవరిని కదిపినా ఆమె పేరు చెప్పలేరు. "ఓ, అద్దం టీచరా?" అంటారు. ఆమె చేతిసంచీలో అరచేయంత అద్దం ఒకటి ఎప్పుడూ ఉండేది. కొత్తగా చేరిన పంతుళ్ళు దాన్ని చూసి, ఈవిడకి ఈ వయసులో ఇంత సోకేమిటా అని చెవులు కొరుక్కునేవారు. పాపం, ఆ అద్దంలో ఆమె తన మొహం చూసుకున్న రోజు లేదు. ముక్కు మీద సుద్దపొడి అంటుకుంటే దాన్ని అలాగే వీధులన్నీ ఊరేగించుకుంటూ ఇంటికి వెళ్ళేది. ఇంటి దగ్గర మొగుడు తుడవాల్సిందే.

అద్దం రెండో తరగతి పిల్లల కోసం. వాళ్ళ లెక్కల పుస్తకంలో సౌష్ఠవం అని ఒక పాఠం ఉంటుంది. ఒక వస్తువుకి నడిమధ్య గీత గీస్తే, అటు సగమూ ఇటు సగమూ అచ్చం ఒకేలా ఉండడం అన్నమాట. దానికి ఆ పేరు పెట్టిన మహానుభావుడెవరో గానీ, ఏడేళ్ళ పిల్లల నోళ్ళ గురించి ఒక్క క్షణం ఆలోచించినట్టు లేదు. ముందు పళ్ళు ఊడిన పిల్లల చేత ఆ మాట పలికించి చూడండి, ఎదురుగా కూర్చున్నవాళ్ళు మొహం కడుక్కోవాల్సి వస్తుంది. అందుకే టీచరమ్మ ఆ మాట జోలికి పోయేది కాదు. "ఇవాళ సగం పాఠం" అనేది, అంతే. ఆ పాఠం గదిలో జరగదు కాబట్టి పిల్లలు ఆమె మాట పూర్తికాకుండానే బయటికి పరిగెత్తేవారు.

ఆ రోజు అలాంటి అద్దాలే ఇంకొన్ని సంచీలో వేసుకొచ్చి, ఇద్దరికొకటి ఇచ్చి వదిలేసేది. చిన్న వస్తువైతే నడిమధ్య అద్దం నిలబెట్టి చూడాలి. పెద్దదైతే దూరంగా జరిగి కళ్ళతో కొలవాలి. రెండు సగాలూ కలిస్తే ఆ వస్తువు గెలిచినట్టు. ఆకులు గెలిచేవి. రెండు రెక్కల కిటికీ గెలిచేది. గేటు గెలిచేది గానీ దాని గడియ ఓడిపోయేది. సైకిల్ని ముందు నుంచి చూస్తే గెలుస్తుందని ఒక జట్టు, బెల్లు ఒక వైపే ఉంది కాబట్టి ఓడిందని ఇంకో జట్టు, జుట్లు పట్టుకునేదాకా వెళ్ళేవారు. ఒక ఏడాది ఒక పిల్ల తిన్నగా హెడ్‌మాస్టరు గదిలోకి వెళ్ళి, "సార్, మీ మీసం ఓడిపోయింది" అని చెప్పి వచ్చింది. ఆయన మర్నాడు ఒక వైపు కాస్త కత్తిరించుకుని వచ్చాడు.

పాఠం చెప్పడంలో ఆమెకి ఒక మొండిపట్టు ఉంది. జవాబు చెప్పేది కాదు. బొమ్మ సగం గీసి ఇచ్చేది, రెండో సగం పిల్లలే గీయాలి. రాకపోతే పక్కన చేతులు కట్టుకుని నిలబడేది. "కళ్ళ ముందే ఉంది, చూడు" అనేది. పిల్లలు బిక్కమొహం వేసినా, ఏడ్చినా, మాట మార్చినా, ఆమె అంతే. చివరికి ఎప్పటికో వాళ్ళకి కనిపించేది. కనిపించిన ఆ నిమిషంలో పిల్లల మొహాలు వెలిగిపోతాయి. ఆ మొహాలు చూడ్డానికే ఆమె పై తరగతులు ఇస్తామన్నా వద్దని, జీవితమంతా రెండో తరగతిలోనే ఉండిపోయింది. రెండో తరగతి ఇన్నిసార్లు తప్పిన మనిషి ఈ లోకంలో నువ్వొక్కదానివేనని మొగుడు ఏడిపించేవాడు.

ఆ మొగుడు టైలరు. బడికి రెండు వీధుల అవతల ఇల్లు, ఇంటి ముందు గదే కొట్టు. ఆమె ఉద్యోగంలో చేరిన కొత్తలో, పిల్లలకి చూపించడానికి గుడ్డముక్కలు కావాలని ఆ కొట్టు మెట్లెక్కింది. అప్పుడతను బల్ల మీద గుడ్డని రెండుగా మడిచి, మడత పక్కన సుద్దతో సగం మెడ, సగం భుజం గీసి, కత్తెర ఆడిస్తున్నాడు.

"అదేంటండీ, ఒక వైపే కోస్తున్నారు?" అంది.

"రెండో వైపు లోపల ఉందండీ," అన్నాడతను తలెత్తకుండా. తర్వాత గుడ్డని విప్పి దులిపి చూపించాడు. మెడ, భుజాలు, చంకలు, మొత్తం చొక్కా ముందుభాగం. ఆమె నోరు తెరుచుకుని చూసింది. ఆ మొహం చూశాకే పెళ్ళి సంగతి అడగాలనిపించిందని తర్వాత అతను అందరికీ చెప్పుకునేవాడు. ఆమె మాత్రం గుడ్డముక్కల కోసం వెళ్ళి మొత్తం గుడ్డల తానునే నెత్తినేసుకున్నానని అనేది.

వాళ్ళకి పిల్లలు కలగలేదు. ఆ బాధ కొన్నాళ్ళు ఇంట్లో తిరిగి, తర్వాత ఒక మూల సర్దుకుంది. ఏటా సగం పాఠం రోజున మాత్రం అతను కొట్టు మూసి, పాత పేపర్లు చంకన పెట్టుకుని, పెద్ద కత్తెర తీసుకుని బడికి వచ్చేవాడు. పేపరు మడిచి సగం బొమ్మ కత్తిరించి, విప్పకుండా పైకెత్తి పట్టుకునేవాడు. ఏం బొమ్మో చెప్పుకోవాలి. పిల్లలు కుర్చీ అంటే గబ్బిలం అయ్యేది, చెట్టంటే మనిషయ్యేది. వాళ్ళు అతన్ని కత్తెర తాతయ్య అనేవారు. తాతయ్య ఒకే ఒక్క సూత్రం చెప్పేవాడు: "మడత వైపు మాత్రం కత్తెర పెట్టకండర్రా. మడత తెగిందో, బొమ్మ రెండు ముక్కలై చేతికొస్తుంది."

పక్షవాతం వచ్చింది కూడా ఆ బల్ల దగ్గరే. చేతిలో టేపు పట్టుకుని నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే ఎడమ పక్కకి ఒరిగిపోయాడు. ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చేసరికి ఎడమ కాలు, ఎడమ చెయ్యి రెండూ పనిచెయ్యడం లేదు. మాట పోలేదు, తెలివి పోలేదు, కత్తెర పట్టే కుడిచెయ్యి నిక్షేపంగా ఉంది. గండం గడిచిందనుకున్నారందరూ. టీచరమ్మ కూడా అలాగే అనుకుంది.

తర్వాత ఒక్కొక్కటీ బయటపడింది. కంచంలో అన్నం పెడితే కుడి సగం శుభ్రంగా తిని, "ఇంతేనా? ఇంకొంచెం పెట్టొచ్చుగా" అనేవాడు. ఎడమ సగంలో అన్నం, కూర పెట్టినవి పెట్టినట్టే ఉండేవి. గడ్డం కుడిచెంప మీద మాత్రం గీసుకుని, నున్నగా వచ్చిందా అని అడిగేవాడు. దుప్పటి మీద పడి ఉన్న తన ఎడమచేతిని ఒకరోజు కుడిచేత్తో తడిమి, "ఎవరో చెయ్యి ఇక్కడ మర్చిపోయారు, పిలిచి ఇచ్చెయ్యండి" అన్నాడు. చూడ్డానికి వచ్చినవాళ్ళు నవ్వారు. అతను నవ్వలేదు. మర్నాడే ఆమె డాక్టరు దగ్గరికి పరిగెత్తింది.

"చూపు పోలేదమ్మా," అంది డాక్టరు. చిన్నపిల్లే, కానీ ఓపికగా చెప్పింది. "కళ్ళు రెండూ బాగున్నాయి. ఎడమ అనేదొకటి ఉందన్న ధ్యాసే ఆయనకి పోయింది. మన వీపు వెనక ఏముందో మనం పట్టించుకుంటామా? ఆయనకి ఎడమ వైపంతా అలాగన్నమాట."

"మళ్ళీ వస్తుందా?"

"కొంతమందికి వస్తుంది. ఈ మొదటి నెలలే ముఖ్యం. మీరు ఎప్పుడూ ఎడమ వైపే కూర్చోండి. మాట్లాడినా, నీళ్ళిచ్చినా, ఏదైనా అటు నుంచే. ఆయనంతట ఆయన తిరిగి చూడాలి. జాలిపడి అందరూ కుడి పక్కన చేరితే మాత్రం, ఇక ఆ వైపు మూసుకుపోయినట్టే."

"తిరగడం వస్తే మళ్ళీ కొట్టు తెరవగలరా?"

"ముందు తిరగనివ్వండి," అంది డాక్టరు.

ఆ మాటలో ఆశ ఎంత ఉందో, దాటవేత ఎంత ఉందో టీచరమ్మ ఆలోచించలేదు. దారి పొడుగునా ఆమె తనకి తాను చెప్పుకున్నది ఒక్కటే. అటు సగం, ఇటు సగం. ఇన్నేళ్ళుగా తను చేస్తున్నది ఇదే కదా. ఇంతమంది పిల్లలకి రెండో సగం చూపించగలిగాను, ఒక్క మనిషికి చూపించలేనా? నేను కాకపోతే ఇంకెవరు చూపిస్తారు?

ఇంటికొచ్చి మంచం తిప్పించింది. గుమ్మం అతనికి ఎడమ వైపుకి వచ్చింది, కిటికీ కుడి వైపుకి. ఎడమ పక్కన తన కుర్చీ వేసుకుంది. నీళ్ళ చెంబు, గడియారం, మందులు అన్నీ ఆ వైపుకే చేరాయి. పగటిపూట అతన్ని కనిపెట్టుకుని ఉండడానికి అతని అక్క వచ్చి ఉంటోంది. ఆడపడుచు పెద్దావిడ, నోటికి తాళం లేని మనిషి. కూరగాయలు తరుక్కోవడానికి వెలుతురు కావాలని కిటికీ కింద స్టూలు వేసుకుంటే, "వదినా, కుడి వైపు కూర్చోకూడదు" అంది టీచరమ్మ.

"నేను వెలుతురు దగ్గర కూర్చుంటా. పాఠాలు నువ్వు చెప్పుకో."

"నీళ్ళు మాత్రం అటు నుంచి ఇవ్వకండి. దాహమేస్తే ఆయనే ఇటు తిరుగుతారు."

"దాహంతో చస్తే ఎటు తిరుగుతాడు?" అంది పెద్దావిడ. "వాడు నీ బడిలో పిల్లాడు కాదే అమ్మాయ్. నా తమ్ముడు, నీ మొగుడు." టీచరమ్మ బడికి వెళ్ళగానే దొంగచాటుగా కుడి వైపు నుంచి నీళ్ళు తాగించేది. సాయంత్రం కుడి వైపు నేల మీద చెంబు తడి చూసి టీచరమ్మ పట్టేసేది. ఆ ఇంట్లో అదొక పోరు.

రోజూ బడి నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, ఎడమ వైపు కుర్చీలో కూర్చునేది. సగం గీసిన సీతాకోకచిలక బొమ్మ అట్ట మీద పెట్టి, "ఏవండీ, రెండో రెక్క గీయండి" అనేది. అతను బొమ్మని చూసేవాడు. గొంతు ఎడమ పక్క నుంచి వస్తే అతను కుడి పక్కకి, కిటికీ వైపుకి తిరిగి జవాబు చెప్పేవాడు. "గీసే ఉందిగా."

"ఇంకో వైపు చూడండి."

"ఇంకే వైపు?"

ఆమె చేతులు కట్టుకుని కూర్చునేది. కళ్ళ ముందే ఉంది. చూడాలి. తను చూపించేస్తే అతను నేర్చుకోడు.

దీనికంటే కష్టం ఇంకొకటి ఉంది. ఆమె కుర్చీలో కూర్చుని, అతని ఎడమచేతిని ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళు నిమురుతూ ఉండేది. అతను కిటికీ దగ్గరున్న అక్కని అడిగేవాడు: "తను ఇంకా బడి నుంచి రాలేదా?"

మొదటిసారి విన్నప్పుడు పెద్దావిడ కత్తిపీట ఆపేసి నోరు తెరవబోయింది. టీచరమ్మ వేలు పెదవుల మీద పెట్టుకుని తల అడ్డంగా ఊపింది. చెప్పకూడదు. వెతకనివ్వాలి. ఎప్పుడైనా కిటికీ తలుపు వెయ్యడానికి ఆమె అటు వెళితే అతనికి కనిపించేది. "వచ్చావా టీచరమ్మా!" అని మొహం ఇంత చేసుకునేవాడు. రెండు మాటలు మాట్లాడి, మనసు రాయి చేసుకుని ఆమె మళ్ళీ తన కుర్చీలోకి వచ్చేది. అంతే, అతని లెక్కలో ఆమె వెళ్ళిపోయినట్టే. ఆ మొహం వాడిపోవడం పక్కనే కూర్చుని చూసేది. ఏడుపు రాకుండా ఉండేది కాదు. అయినా కుర్చీ కదిపేది కాదు.

డాక్టరు ఎర్ర దారం ఉపాయం ఒకటి చెప్పింది. కాగితం ఎడమ అంచున ఎర్ర దారం పెట్టి, అది కనిపించేదాకా వెతకమనాలి. ఆమె అతని కండెల డబ్బాలోంచి ఎర్ర దారం తీసి, అట్ట అంచుకి తనే కుట్టింది. "దారం దాకా రండి, దారం దాకా" అని వారాల తరబడి జపం చేసింది. ఒక సాయంత్రం అతని చూపుడువేలు కాగితం మీద పాకుతూ పాకుతూ మధ్యగీత దాటింది. ఇంకా జరిగింది. దారాన్ని తాకింది.

"ఓర్నీ," అన్నాడు. "ఇక్కడ రెక్క లేదేం? ఎవరు తినేశారు?"

అతని తల మెల్లగా ఇంకా తిరిగింది. కాగితం దాటి, దుప్పటి దాటి, ఆమె మోకాళ్ళ దాకా, అక్కడి నుంచి మొహం దాకా వచ్చింది.

"నువ్విక్కడ కూర్చున్నావా!"

అచ్చం రెండో తరగతి పిల్లల మొహం. ఆమె నవ్వుతూ ఏడ్చేసింది. పెద్దావిడ కూడా కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "సరేలే, నీ పాఠమే నెగ్గింది" అని ఒప్పుకుంది. ఆ రాత్రి టీచరమ్మకి కడుపునిండా అన్నం సహించింది.

తెల్లారేసరికి అంతా మళ్ళీ మొదటికొచ్చింది. దారం లేదు, రెక్క లేదు, ఆమె లేదు. నిన్న వచ్చిన లెక్క ఇవాళ మర్చిపోయే పిల్లలు ప్రతి ఏడాదీ ఉంటారు, టీచర్లకి అది కొత్తకాదు. ఒకసారి వచ్చింది కాబట్టి మళ్ళీ వస్తుంది అనుకుందామె. ఆ ఒక్క సాయంత్రం లేకపోయి ఉంటే ఎప్పుడో కుర్చీ కదిపేసేదేమో. ఆశ పెట్టే హింస అలాగే ఉంటుంది.

అతనికి పని అలవాటు గుర్తొస్తే దారిలో పడతాడేమోనని ఒకరోజు గుడ్డముక్క, సుద్ద, పెద్ద కత్తెర తెచ్చి మంచం మీద పలక వేసి ఇచ్చింది. కత్తెర చేతికి రాగానే మనిషి పాతమనిషి అయ్యాడు. గుడ్డ నాణ్యం వేళ్ళతో చూశాడు. "సగంతో పిల్లలకి గౌను కుట్టొచ్చు, సగంతో నీకు జేబురుమాళ్ళు" అని అక్కతో పరాచికమాడాడు. ఆమె గుడ్డ మడిచి ఇచ్చింది. మడత ఎడమ వైపు ఉంది. కావాలనే అలా పెట్టింది.

అతను సుద్దతో గీశాడు. చెయ్యి వణకలేదు. మెడ వంపు ఎంత అందంగా వచ్చిందంటే ఆమెకి పాతరోజులు కళ్ళముందు తిరిగాయి. కానీ అతనికి గుడ్డ సగందాకానే ఉంది. ఆ సగం దగ్గరే దానికి అంచు అనుకుని, పైనుంచి కిందకి తిన్నగా కత్తెర నడిపేశాడు. జీవితంలో ఎన్నడూ మడత కొయ్యని మనిషి. మడత తెగిన గుడ్డ కన్నా అన్యాయం ఇది, మడత దాకా వెళ్ళనే లేదు. విప్పి దులిపి చూపించబోతే చేతిలో రెండు వేరువేరు పీలికలు వేలాడాయి.

అతను వాటిని అటూ ఇటూ తిప్పి చూశాడు. తప్పు జరిగిందని తెలిసింది. ఎక్కడ జరిగిందో తెలియలేదు. "గుడ్డ చెడగొట్టాను," అన్నాడు, పెద్ద పంతులు ముందు నిలబడ్డ పిల్లాడిలా. "పారెయ్యక్కా. తనకి చూపించకు." ఆమె ఎడమ పక్కనే ఉంది.

ఆ ఏడాది సగం పాఠం అతను లేకుండానే వచ్చింది. పొద్దున్నే ఆమె మంచం పక్కన కూర్చుని అద్దాలన్నీ గుడ్డతో తుడిచి సంచీలో సర్దుకుని బడికి వెళ్ళింది. పిల్లలు అన్నిటికంటే ముందు అడిగింది కత్తెర తాతయ్య ఏడీ అనే. ఒంట్లో బాగాలేదని చెప్పి, పేపర్లు తనే మడిచి తలా ఒకటి ఇచ్చింది. ఆమె కత్తిరించిన బొమ్మలు అతని బొమ్మల ముందు దేనికీ పనికిరావు. ఆమె గబ్బిలం విప్పితే అది చెప్పులజతలా ఉందని పిల్లలు పడీపడీ నవ్వారు. ఆ నవ్వులో ఆమె కూడా కలిసింది.

అందరికీ బొమ్మలొచ్చాయి. ఒక పిల్లకి రాలేదు. ఆ పిల్ల ఎన్నిసార్లు కత్తిరించినా మడత వైపే కత్తిరిస్తోంది, ఎన్నిసార్లు విప్పినా రెండు ముక్కలు. టీచరమ్మ పక్కకి వచ్చి, అలవాటు చొప్పున చేతులు కట్టుకుని నిలబడింది.

"కళ్ళ ముందే ఉంది, చూడు."

పిల్ల పేపరు చూసింది, కత్తెర చూసింది. "చూస్తూనే ఉన్నా టీచర్. నాకు కనపడట్లేదు. కనపడకపోతే నేనేం చెయ్యను?"

"ఇంకొంచెం చూడు."

"మీకు తెలుసు కదా," అంది పిల్ల ఏడుస్తూ. "తెలిసి కూడా పక్కన నిలబడతారు. మీరు చెప్పరు. ఎందుకు చెప్పరు?"

ఇన్నేళ్ళలో ఆమెని ఆ ప్రశ్న అడిగినవాళ్ళు లేరు. ఆమె వంగి, ఆ చిన్న చేతిలో పేపరుని మడత లోపలికి వచ్చేలా తిప్పి పెట్టి, కత్తెర మీద తన చెయ్యి వేసి, కలిసి కత్తిరించింది. విప్పితే ఒక మామూలు ఆకు వచ్చింది. పిల్ల ముక్కు చీదుకుని దాన్ని గుండెకి హత్తుకుంది. టీచరమ్మకి ఆ తర్వాత గంటలో ఏం చెప్పిందో గుర్తులేదు. తలనొప్పిగా ఉందని హెడ్‌మాస్టరుకి చెప్పి, ఎప్పుడూ లేనిది పెందలాడే ఇంటికి బయల్దేరింది.

గుమ్మంలోకి వచ్చేసరికి లోపల మాటలు వినిపించాయి. అతను దిండుకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. కుడిచెయ్యి చొక్కాలో ఉంది, ఎడమ వైపు చొక్కా వీపు వెనక్కి జారి వేలాడుతోంది. తల కుడి సగం దువ్వుకున్నాడు. ఒళ్ళో కత్తెర ఉంది. పెద్దావిడ కిటికీ కింద కూర్చుని ఉంది.

"అక్కా, ఇవాళ సగం పాఠం కదా?"

"నాకేం తెలుసురా."

"ఇవాళే. పొద్దున తను అద్దాలు తుడిచే చప్పుడు విన్నా. అందుకే తయారై కూర్చున్నా. తీసుకెళ్ళలేదు చూశావా?"

పెద్దావిడ తల వంచుకుని కూరగాయలు తరుగుతోంది.

"తనకి నా మీద కోపం వచ్చిందా?" అన్నాడు. "ఇంటికి రావడమే మానేసింది. ఎప్పుడైనా కిటికీ దగ్గరికి వస్తుంది, రెండు మాటలు మాట్లాడుతుంది, వెళ్ళిపోతుంది. గొంతు మాత్రం వినిపిస్తుంది అక్కా. ఎక్కడి నుంచో అడుగుతూ ఉంటుంది, రెక్కేదీ, దారమేదీ, చూడు చూడు అని. నాకు ఒక్కటీ రావట్లేదు. రాలేదనే వెళ్ళిపోయిందేమో. ఇంతకాలం కలిసున్నాం, ఒక బొమ్మ గీయలేకపోతే మాత్రం వదిలేసి వెళ్ళిపోతారా చెప్పు?"

పెద్దావిడ తలెత్తి గుమ్మం వైపు చూసింది. ఇద్దరి కళ్ళూ కలిశాయి. ఆ చూపుని టీచరమ్మ తట్టుకోలేకపోయింది.

లోపలికి వచ్చి, కాళ్ళు అలవాటుగా తీసుకెళ్ళిన చోటికే వెళ్ళి, ఎడమ వైపు కుర్చీలో కూర్చుంది. అతని ఎడమచెయ్యి పట్టుకుంది. "ఏవండీ. నేను ఇక్కడే ఉన్నాను."

అతను చటుక్కున తిరిగాడు. కిటికీ వైపుకి తిరిగాడు. అక్క వెనక చూశాడు, కిటికీ చువ్వల్లోంచి వీధిలోకి చూశాడు. "ఎక్కడ?" అన్నాడు. "ఎక్కడా?"

దారం దాకా రండి అన్న మాట ఆమె నాలుక చివరే ఉంది. దాన్ని మింగేసింది. డాక్టరు చెప్పింది ఆమె మర్చిపోలేదు. ఈ కుర్చీ అటు వెళితే ఆ వైపు ఇక మూసుకుపోతుంది. ముందు గది కొట్టులో గుడ్డలు కత్తిరించే బల్ల మీద కప్పిన దుప్పటి ఇక ఎవరూ తియ్యరు. ఇన్నాళ్ళు పడ్డదంతా గాలికి పోతుంది. అన్నీ తెలిసే లేచింది. కుర్చీని రెండుచేతులా ఎత్తుకుని మంచం కాళ్ళ వైపు నుంచి తిరిగి వచ్చింది. కుర్చీకాలు మంచంకోడుకి తగిలి చప్పుడైంది. పెద్దావిడ గబగబా స్టూలు పక్కకి లాక్కుంది. టీచరమ్మ కిటికీ పక్కన, అతని కుడి వైపు కుర్చీ వేసి కూర్చుంది.

"వచ్చావా!" అన్నాడు.

అతను కుడిచెయ్యి చాపి ఆమె మొహం దగ్గరికి తీసుకుని, ముక్కు మీద సుద్దపొడి బొటనవేలితో తుడిచాడు.

"ఎంతసేపటి నుంచి చూస్తున్నానో తెలుసా నీ కోసం?"

"బడిలో ఆలస్యమైందండీ."

"కోపం పెట్టుకోకు టీచరమ్మా. ఆ రెక్క ఎక్కడుందో కనిపెడతా. ఇంకొన్ని రోజులు టైమివ్వు."

"అక్కర్లేదండీ," అంది. "ఆ పాఠం అయిపోయింది."

"అయిపోయిందా?" అతని భుజాల మీంచి పెద్ద బరువు దిగినట్టు దిండు మీదికి వాలిపోయాడు. ఆమె చెయ్యి మాత్రం వదల్లేదు. కాసేపు వీధిలో పిల్లలు బడి నుంచి వెళుతున్న గోల విన్నారు. తర్వాత అతను ఇంటికొచ్చిన చుట్టాన్ని అడిగినట్టు మొహమాటంగా అడిగాడు:

"రేపు కూడా వస్తావా?"

"వస్తాను," అంది.

పెద్దావిడ లేచి మంచానికి అటు వైపు వెళ్ళి, దుప్పటి మీద వదిలేసి ఉన్న ఎడమచేతిని తీసి లోపలికి సర్ది కప్పింది.